‘నాగరికత’ అన్న ఒక్క మాట రెండు అర్థాలకూ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. అంతర్జాతీయ సంబంధాల మీద తెలుగులో సెమినార్ వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను.

19వ శతాబ్దంలో ఐరోపా రాజ్యాల దృష్టిలో నాగరికత ఒక్కటే, అదీ ఒక పరీక్షలాంటిది. జపాన్‌నే చూడండి. అమెరికాతో చేసుకున్న 1858 ఒప్పందం ప్రకారం అక్కడ నేరం చేసిన అమెరికన్‌ని జపాన్ కోర్టు విచారించకూడదు, అక్కడున్న అమెరికా ప్రతినిధి (కాన్సుల్) కోర్టే విచారించాలి. పాశ్చాత్య పద్ధతిలో చట్టాలు రాసుకున్నాక, 1899లో గానీ ఆ అవమానం తప్పలేదు. 1993లో అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త శామ్యూల్ హంటింగ్టన్ చెప్పింది వేరు: నాగరికతలు అనేకం, ఘర్షణ వాటి మధ్యే.

రెండింటికీ ‘నాగరికత’ అనే రాస్తే తేడా తెలియడం లేదు. మొదటిదానికి ‘సభ్యత’ వాడదామంటే మర్యాద అనే అర్థమే ముందొస్తోంది (‘సభ్యత లేదట్రా?’ అనే మా అమ్మమ్మ గొంతు వినిపిస్తోంది!). మీరైతే ఏ మాట వాడతారు?

ఇంకొకటి. అంతర్జాతీయ న్యాయస్థానం శాసనం 38వ అధికరణంలో ఇప్పటికీ ‘నాగరిక దేశాలు’ గుర్తించిన న్యాయసూత్రాలు అనే ఉంది. ఈ రోజుల్లో దాన్ని ఎలా అన్వయిస్తున్నారు? లా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, వచ్చే వారమే సెమినార్.