పాత ఓనరు చేసిన రిపేర్లన్నీ విప్పేయాలా, కొన్ని వదిలేయొచ్చా?

బస్సుపిచ్చోడు:
అందరికీ నమస్తే. నాది 1973 ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాను, 1600 సీసీ ఇంజిన్. పెయింట్ మెరుపు చూసి పడిపోయి కొన్నా, ఒప్పుకుంటున్నా. వెనక కుడి చక్రం పైన చిన్న పొంగు కనిపిస్తే స్క్రూడ్రైవర్ మొనతో గీకాను. వేలెడు మందాన పుట్టీ పెళ్ళగా ఊడొచ్చింది. దాని వెనక రేకే లేదు! వంటింటి అల్యూమినియం ఫాయిలు, దాని వెనక ఉండ చుట్టి కుక్కిన న్యూస్‌పేపరు. కింద సిల్ (తలుపుల కింద పొడుగ్గా ఉండే పెట్టెలాంటి రేకు) లోపల పసుపు రంగు ఫోమ్ నింపాడు, పిండితే నీళ్ళొస్తున్నాయి.

వైరింగ్ ఇంకా ఘోరం. డాష్‌బోర్డు వెనక వేలాడుతున్న బ్రౌన్ తీగని ఎర్త్ అనుకుని బాడీకి బిగించా. పొగ! మహానుభావుడు రేడియోకి కరెంటు బ్రౌన్ తీగలో తెచ్చాడు. ఫ్యూజు ఎందుకు పోలేదా అని చూస్తే దానికీ ఫాయిలు చుట్టి ఉంది. అదే రోలు అయ్యుంటుంది.

అన్నీ పీకేసి మొదట్నుంచి చేయాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్రీజుచేతులు:
తమ్ముడూ, ముందు బ్యాటరీ తీగ విప్పి పక్కన పెట్టు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

తుప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి మనసు దానిమీదకే పోతుంది. కానీ తుప్పు ఒక నెల ఆగుతుంది, పెట్రోలు ఆగదు. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా రబ్బరు పైపులన్నీ వంచి చూడు. పగుళ్ళు కనిపిస్తే, కనిపించకపోయినా ఎప్పుడు వేశారో తెలియకపోతే, మార్చెయ్. ప్లాస్టిక్ పెట్రోలు ఫిల్టరు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్కు పంచేది) దగ్గర వేలాడుతుంటే దాన్ని ఇంజిన్ గదిలోంచి బయటికి, ట్యాంకు వైపు జరుపు. నీ 1600 క్రాంక్‌కేసు, అంటే ఇంజిన్ బయటి గుల్ల, మెగ్నీషియం మిశ్రమం. అంటుకుంటే నీళ్ళు పోసి ఆర్పేది కాదు.

తర్వాత బ్రేకు పైపులు. ఆ తర్వాతే వైరింగ్. ఈ బండ్లలో బ్రౌన్ అంటే ఎర్త్, ఎరుపు నేరుగా బ్యాటరీ నుంచి, నలుపు తాళం తిప్పాక వచ్చే కరెంటు. దీనికి ఎదురు నడిచే తీగ కనిపిస్తే అది ఫ్యాక్టరీది కాదన్నమాట. దానికి చీటీ కట్టు, వెంటనే కోసెయ్యకు. ఫ్యూజుల్లో తెల్లవి 8 ఆంపులు, ఎర్రవి 16.

టింకరింగ్‌మావ:
కుడి వెనక మూల అంటున్నారు కదండీ, బ్యాటరీ ట్రే సరిగ్గా అక్కడే ఉంటుంది. పుట్టీ కిందే కాదు, ట్రే కింద కూడా పొడిచి చూడండి. యాసిడ్ కారి అక్కడ రేకు తినేసి ఉంటుంది.

ఫోమ్ మొత్తం చేత్తో, ఉలితో పీకాకే వెల్డింగ్. కొంచెం మిగిలినా అంటుకుంటుంది, ఆ పొగ విషం. సిల్ మొత్తం ఒకేసారి కోస్తే బాడీ కుంగుతుంది. లోపల అడ్డంగా ఇనుప చట్రం బిగించి, తలుపులు మూసి సందులు కొలిచి రాసుకుని అప్పుడు కోయండి. నేను ఒకసారి కొలవలేదు. స్లైడింగ్ డోర్ మళ్ళీ మూసుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది.

పాత రేకు మీద కొత్త రేకు పరిచి అతకొద్దు, మధ్యలో నీళ్ళు చేరతాయి. గట్టి రేకు తగిలేదాకా కోసి, అంచుకి అంచు పెట్టి, చుక్కలు చుక్కలుగా దూరదూరంగా వెల్డ్ చేయండి. ఒకే గీతలా లాగితే వేడికి రేకు అలలు తిరుగుతుంది. మిగతా బాడీ అంతా పల్చని అయస్కాంతంతో తడమండి. పట్టనిచోట పుట్టీ ఉన్నట్టే.

బస్సుపిచ్చోడు:
ఇద్దరికీ థ్యాంక్స్. అన్న చెప్పినట్టు వైరింగ్ కన్నా ముందు బ్రేకులు చూశా. వెనక చక్రానికి వెళ్ళే గొట్టాన్ని మధ్యలో కోసి, నీళ్ళ పైపులకి వాడే ఇత్తడి జాయింటు బిగించాడు! దీన్ని తొక్కుకుంటూనా నేను ఇంటికొచ్చింది? గొట్టం మొత్తం మారుస్తున్నా.

వింత ఏంటంటే హెడ్‌లైట్ రిలే (లైట్లకి బ్యాటరీ కరెంటు అందించే స్విచ్చి) మాత్రం ముచ్చటగా ఉంది. సరైన మందం తీగ, విడిగా ఫ్యూజు, క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) టెర్మినళ్ళు.

గ్రీజుచేతులు:
అంటే నీకన్నా ముందు కనీసం ఇద్దరు చెయ్యి పెట్టారన్నమాట. రిలే పెట్టినవాడి పని జోలికి పోకు. ఫాయిలు వాడిది మాత్రం ఒక్కటీ నమ్మకు.

బస్సుపిచ్చోడు:
సరే అన్నా. టేపు చుట్టిన అతుకులకి చీటీలు కడుతున్నా. డాష్‌బోర్డు వెనకే పదిహేడు తేలాయి, ఇంకా ఎడమవైపు చూడలేదు.