కరి మ్రింగిన వెలగపండు: ఇందులో 'కరి' ఎవరు?

గట్టుమీది చెట్టు:
తాతగారి మాగాణి నా పేరుకు మారినప్పటి నుంచి సుమతీ శతకంలో ఒక పాదం వెంటాడుతోంది: "కరి మ్రింగిన వెలగపండు కరణిని". పైన "సిరి దా బోయిన బోవును" అని గుర్తు. అమ్మితే నా చేతుల మీదుగా పోయిందంటారు, ఉంచితే చూసుకునే వీల్లేదు. పాసుపుస్తకం తీస్తేనే టెన్షన్. సిరి తనంతట తానే పోయేదైతే వారసుడి తప్పేముంది? ఆ 'దా' అర్థం అదేనా? రెండో పాదం కూడా కావాలి.

కందప్రియ:
"సలలితముగ నారికేళ సలిలము భంగిన్". సిరి, కరి మధ్య 'సల' చూడండి, రలలకు అభేద ప్రాస, అంటే ర, ల రెండూ ఒకటే అన్నట్టు ప్రాస కుదిరింది. బద్దెన చెవి అది! ఇక్కడ 'కరి' ఏనుగు కాదు, వెలగకు పట్టే పురుగు.

పాలవెల్లి:
ఒప్పుకోను. సంస్కృత శ్లోకంలో "గజభుక్త కపిత్థవత్" అని ఉంది. గజం కూడా పురుగేనా? "కపిత్థ జంబూ ఫలసార భక్షితం" అని వినాయకుణ్ణి రోజూ తలుచుకుంటాం. ఏనుగు ముఖం, వెలగపండు, అందులో 'సారం' తినడం, మూడూ అక్కడే ఉన్నాయి.

కందప్రియ:
పురుగైతేనే పోలిక కుదురుతుంది. పాత లోగిళ్లు చూడలేదా? బయటికి మండువా, దూలాలు చెక్కుచెదరవు. లోపల ఎప్పటి నుంచో అప్పులు. కొడుక్కి తెలిసేసరికి మిగిలేది డొల్లే.

భాగవతాభిమాని:
పిత్రార్జితం మాటొస్తే పోతనను తలుచుకోవాలి. "కులమున్ రాజ్యముఁ దేజమున్ నిలుపు" అని శుక్రుడు చెప్పేది ప్రహ్లాదుడి మనవడికి. పూర్వుల బరువంతా ఆ 'నిలుపు'లో ఉంది. బలి ఏమన్నాడు? "సిరి మూటఁ గట్టుకొని పోవం జాలిరే". ఆ 'మూట' దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

కందప్రియ:
బలిది స్వార్జితమండీ. విశ్వజిద్యాగం చేసి అమరావతి గెలుచుకున్నాడు.

భాగవతాభిమాని:
రాజ్యం గెలిచాడు. కులం పుట్టుకతో వచ్చింది. శుక్రుడు ముందు పెట్టింది దాన్నే.

గట్టుమీది చెట్టు:
'దా' సంగతి?

పాలవెల్లి:
'తా'నే. ప్రథమ మీది పరుషానికి గసడదవాదేశం, అంటే 'సిరి' తర్వాత 'త' 'ద'గా మారింది. 'తానుగా' అనే అర్థం సరైనదే. కానీ పద్యం సిరి రాకపోకల గురించే చెబుతుంది, వచ్చింది ఉన్నంతకాలం మోసేవాడి ఊసెత్తదు. 'కరి' మాత్రం ఏనుగే.

కందప్రియ:
వెలగచెట్టు ఉన్నవాళ్లెవరైనా పురుగు పట్టిన కాయ పగలగొట్టి ఫొటో పెట్టండి. గుజ్జు పోయి డొల్ల నిలిచి ఉంటే అప్పుడు మాట్లాడదాం.