పాత బ్యాటరీ పుట్టుపూర్వోత్తరాలకు బ్లాక్‌చెయిన్ కావాలా?

ఉప్పల్ మెకానిక్:
నిన్న మా షాపుకి ఒక సెకండ్ హ్యాండ్ స్కూటర్ ప్యాక్ వచ్చింది. స్టిక్కర్ చూస్తే ఒరిజినల్. విప్పితే సెల్స్ రెండు రంగులు, నికెల్ పట్టీ మీద రెండోసారి వేసిన స్పాట్ వెల్డింగ్ మచ్చలు. ఎవరు విప్పారో చెప్పే నాథుడు లేడు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్ట్ (బ్యాటరీ వివరాలు చూపే ఆన్‌లైన్ రికార్డు) తప్పనిసరట, క్యూఆర్ కోడ్‌తో సహా. మనమూ అలాంటిది బ్లాక్‌చెయిన్ (చాలామంది దగ్గర కాపీలుండే, గుట్టుగా మార్చలేని డిజిటల్ చిట్టా) మీద పెడితే ఈ మోసాలు ఆగవా?

డేటాబేస్ బాబాయ్:
ఆ చట్టం పాస్‌పోర్ట్ అడిగింది గానీ బ్లాక్‌చెయిన్ అడగలేదు తమ్ముడూ. రాసింది మార్చలేకపోవడం వేరు, రాసింది నిజం కావడం వేరు. ప్లాస్టిక్ ఈపీఆర్ సర్టిఫికెట్ల (కంపెనీలు తమ ప్లాస్టిక్ చెత్తను రీసైకిల్ చేయించామని చూపే కాగితాలు) సంగతి మర్చిపోయారా? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే 6 లక్షలకు పైగా నకిలీవి బయటపడ్డాయి. అసలు చేయని రీసైక్లింగ్‌కి ఇచ్చుకున్న కాగితాలవి. బ్లాక్‌చెయిన్ మీద పెట్టినా అవి అలాగే ఇచ్చేవాళ్లు.

మాదాపూర్ కోడర్:
మరి ఈ రికార్డులుండే సర్వర్ ఎవరి చేతిలో ఉండాలి? తయారీ కంపెనీ దగ్గరే ఉంటే, వారంటీ గొడవ వచ్చిన రోజు తేదీ మారదని నమ్మకమేంటి? బ్లాక్‌చెయిన్‌లో అయితే లెడ్జర్ (చిట్టా) కాపీ కంపెనీ, డీలర్, రీసైక్లర్ అందరి దగ్గరా ఉంటుంది. ప్రతి ఎంట్రీలో ముందు ఎంట్రీ హ్యాష్ (దాని వేలిముద్ర లాంటి కోడ్) ఉంటుంది, పాతది కెలికితే తర్వాతవి కలవవు. కరెంటు ఖర్చంటారేమో, అనుమతి ఉన్నవాళ్లే రాసే లెడ్జర్‌కి మైనింగ్ (బిట్‌కాయిన్‌లో కరెంటు తినే కంప్యూటర్ లెక్కల పోటీ) అక్కర్లేదు.

డేటాబేస్ బాబాయ్:
సర్వర్ మాట ఒప్పుకుంటా. కానీ అందరూ కలిస్తేగా! షిప్పింగ్ కోసం ఓడల కంపెనీ మెర్స్క్, ఐబీఎం కలిసి కట్టిన బ్లాక్‌చెయిన్ వేదిక ట్రేడ్‌లెన్స్‌ని 2022 నవంబర్‌లో మూసేస్తున్నామని ప్రకటించారు. పరిశ్రమంతా కలిసి రాలేదని వాళ్లే చెప్పారు.

స్క్రాప్ అక్క:
మీ వాదన బాగానే ఉంది. మా గోడౌన్‌కి వచ్చే ప్యాక్‌లలో సగానికి స్టిక్కరే ఉండదు, ఉన్నా నూనె పట్టి ఉంటుంది. స్కాన్ చేస్తే కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయంటే మా కుర్రాళ్లు తుడిచి మరీ చేస్తారు. ఊరికే అంటే ఎవరూ చేయరు.

ఉప్పల్ మెకానిక్:
అక్క చెప్పింది నిజమే. నాకు ఇంకో టెన్షన్. సెల్ మార్చిన ప్రతిసారీ నా పేరు ఎక్కితే, రేపు ఆ ప్యాక్ అంటుకున్నప్పుడు నా మెడకే చుట్టుకుంటుంది. బీఎంఎస్ (ప్యాక్‌లో సెల్స్‌ని చూసుకునే సర్క్యూట్) తనంతట తానే ఛార్జింగ్ లెక్క రాస్తే సరే, చేత్తో ఎక్కించేదైతే నేనే దాస్తానేమో. సరేగానీ, నిన్నటి ప్యాక్ ఇంకా బల్ల మీదే ఉంది. వెనక్కి ఇచ్చేయనా, మంచి సెల్స్ ఏరుకోనా?