అమ్మానాన్నలను ఏఐ షోకి తీసుకెళ్ళొచ్చా? చూసినవాళ్ళు చెప్పండి

ఎడిసన్_కుర్రాడు:
అమ్మానాన్న తణుకు నుంచి వచ్చి నెలన్నర అయింది. నయాగరా అయిపోయింది, లిబర్టీ విగ్రహం అయిపోయింది, గుడి ఆదివారం ఆదివారం ఉండనే ఉంది. ఇప్పుడు న్యూయార్క్‌లో ఒక షో కనిపించింది. చీకటి హాలు, నాలుగు గోడల మీదా ఏఐ బొమ్మలు, చుట్టూ స్పీకర్లు, మధ్యలో ఒకామె అభినయం. టికెట్టు తలకి 45 డాలర్లు. నాన్నకి 68, కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. అందులో నిజంగా సరుకుంటుందా, లేక పెద్ద సైజు స్క్రీన్‌సేవరేనా?

క్వీన్స్_పద్మ:
తమ్ముడూ, 2022 నవంబరు నుంచి దాదాపు ఏడాది న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా లాబీలో రెఫిక్ అనాదోల్ అనే కళాకారుడి ‘అన్‌సూపర్‌వైజ్డ్’ నడిచింది. 24 అడుగుల ఎత్తు, అంతే వెడల్పు తెర. మోమా సేకరణలోని 1,38,000 పైచిలుకు కళాఖండాల సమాచారాన్ని యంత్రానికి మేపి, అది ఊహించుకుంటున్నదాన్ని తెరమీద పెట్టారు. నేను ఐదు నిమిషాలు చూద్దామని వెళ్ళి ముప్పావుగంట బెంచీమీద కూర్చుండిపోయాను. రంగులు తెరలోంచి ఒలికి కిందపడతాయేమో అనిపించేది. విమర్శకుడు జెర్రీ సాల్ట్జ్ మాత్రం దాన్ని లావా ల్యాంప్‌తో, అదే రంగు ముద్దలు తేలుతుండే అలంకార దీపంతో పోల్చి చాకిరేవు పెట్టాడు. ఆయన అన్నది పూర్తిగా తప్పని నేను అనను. బయటికొచ్చాక ఒక్క బొమ్మా గుర్తులేదు. అయినా 2023లో మోమా దాన్ని తన సేకరణలోకి తీసేసుకుంది.

మోడల్_మేస్త్రి:
గుర్తుండకపోవడానికి కారణం ఉంది పద్మగారూ. అది స్టైల్‌గ్యాన్ రకం మోడల్, అంటే చూసిన బొమ్మల్లాంటి కొత్త బొమ్మలు తయారుచేసే ఏఐ. ఫలానా చిత్రకారుడు, ఫలానా శైలి అనే చీటీలేమీ అంటించకుండా నేర్పారు కాబట్టే ‘అన్‌సూపర్‌వైజ్డ్’ అనే పేరు. నేర్చుకున్నాక దాని లోపల ప్రతి బొమ్మా ఒక బిందువు. ఒక బిందువు నుంచి ఇంకోదానికి మెల్లగా నడిపిస్తుంటే దారిలో కనిపించేవి ఎవరూ ఎన్నడూ గీయనివి. ఎక్కడా ఆగదు, మన కంటికి పట్టు దొరకదు. పైగా లాబీలో జనం కదలిక, చప్పుడు, బయట వాతావరణం కూడా అందులోకి వెళ్ళేవి. అంటే మీరు చూసిన ముప్పావుగంట మళ్ళీ అచ్చం అలాగే రాదు.

వరంగల్_పోరడు:
గదే అసలు ముచ్చట. పోయినేడు హైదరాబాద్‌ల ఒక షోకు పోయిన, పేరు చెప్ప. పోస్టర్ మీద ఏఐ అని ఇంత పెద్దగ రాసిన్రు. లోపల రెండు ప్రొజెక్టర్లు పనిచేస్తలేవు, గోడలు కలిసేకాడ బొమ్మ చీలిపోయింది, స్పీకర్ల మోత ఒక దిక్కు, బొమ్మ ఒక దిక్కు. ఇరవై నిమిషాలకు మల్ల మొదటికొచ్చింది. ముందే చేసిపెట్టిన వీడియో అన్నట్టు! టికెట్ తీసేముందు ఒక్కటే అడుగు అన్నా: అప్పటికప్పుడు నడుస్తదా, తిప్పిందే తిప్పుతరా?

లండన్_లలిత:
నాకైతే కళ్ళు చెదిరే రకం కంటే ‘సైట్ మెషీన్’ ఎక్కువ పట్టేసింది. కళాకారుడు ట్రెవర్ పాగ్లెన్, క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురి తీగవాద్య బృందం కలిసి చేసింది. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది, నేను 2019లో ఇక్కడి బార్బికన్ కళాకేంద్రంలో చూశాను. క్రోనోస్ అంటే ఎవరో అనుకునేరు, 2005లో ఆశా భోస్లేతో ఆర్.డి. బర్మన్ పాటల ఆల్బమ్ చేసింది వీళ్ళే.

నలుగురూ వేదికమీద వాయిస్తుంటారు. వెనక తెరమీద, కెమెరాల ద్వారా యంత్రాలకి వాళ్ళు ఎలా కనిపిస్తున్నారో చూపిస్తారు. మొదట వట్టి గీతలు, చుక్కలు. తరవాత ముఖం చుట్టూ గడులు. ఆపైన వయసెంత, మగా ఆడా, కోపమా విచారమా, అన్నీ అంచనాలే. మనిషి మైమరిచి కమాను లాగుతుంటే పక్కన ఈ లెక్క! హాల్లో ముందు నవ్వారు, కాసేపటికి ఎవరూ నవ్వలేదు. మర్నాడు స్టేషన్‌లో సీసీ కెమెరా కింద నిలబడి నేనేం భావం పెట్టానో చూసుకున్నాను.

బెర్లిన్_భజనపరుడు:
ఇంకో దారి కూడా ఉంది లలితగారూ. ఇక్కడ హాలీ హెర్న్‌డన్ అనే గాయని ‘స్పాన్’ అని ఒక ఏఐని పెంచింది. నిజంగా పెంచింది అనే అంటుంది, బిడ్డలాగా. 2019లో వచ్చిన ‘ప్రోటో’ ఆల్బమ్‌లో అది గాయకబృందంతో కలిసి పాడింది. దానికి గొంతులు నేర్పడానికి జనాన్ని కూర్చోబెట్టి, తాము పాడిన ముక్కను తిరిగి పాడించారు. మా ఊళ్ళో భజనలో ముందు గొంతుకాడు అంటే మిగతావాళ్ళు అందుకోవడం లేదూ, అదే పద్ధతి. అడక్కుండా ఎవరి బొమ్మలో లాక్కుని మేపడానికీ, ఇలా కూర్చోబెట్టి పాడించుకోవడానికీ చాలా తేడా ఉందని నాకనిపిస్తుంది.

క్వీన్స్_పద్మ:
ఇంకోటి, పెద్దవాళ్ళతో వెళ్తున్నావు కాబట్టి. జపాన్ కళాకారుడు రియోజి ఇకెడా లాంటివాళ్ళ షోల్లో తెల్లటి వెలుతురు టపటపా కొడుతుంది, శబ్దం గుండెల్లో మోగుతుంది. మూర్ఛ, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి అస్సలు వద్దు. చెవుల్లోకి దూది పట్టుకెళ్ళు. డబ్బు పెట్టకుండా రుచి చూపించాలంటే టైమ్స్ స్క్వేర్‌లో రాత్రి 11:57 నుంచి 12 దాకా ప్రకటనలు ఆపేసి ఆ తెరలమీద కళాఖండం వేస్తారు. 2014 అక్టోబరులో ఇకెడాదే వేశారు, డేటాని బార్‌కోడ్ చారల్లా మార్చింది.

ఎడిసన్_కుర్రాడు:
అందరికీ థాంక్స్. అక్కా, ముందు టైమ్స్ స్క్వేర్‌కే వెళ్ళాం. అమ్మ చలికి నా జాకెట్ కూడా లాగేసుకుని, ‘అప్పుడే అయిపోయిందా’ అంది. నాన్న దసరా పందిట్లో సీరియల్ లైట్ల సెట్టు చూసినట్టే తలెత్తి చూశారు. రైల్లో సగం దారి మాట్లాడలేదు. తరవాత అడిగారు: ‘అన్ని తెరలకీ కలిపి లోడెంత ఉంటుందిరా? ఆ మూడు నిమిషాలూ ప్రకటనలు ఆపితే ఎవడు కడతాడు బిల్లు?’

వచ్చే శనివారానికి మూడు టికెట్లు తీశాను. అప్పటికప్పుడు నడుస్తుందట, అడిగాను.

వరంగల్_పోరడు:
అంకుల్ లోడ్ లెక్క తేల్చినంక ఈడ్నే పెట్టు అన్నా.