క్రోమ్, ఎక్సెల్ బంద్ చేసినా మెమరీ ఖాళీ అయితలేదు, ఎట్ల?

చౌరస్తా_నెట్ (హన్మకొండ):
నెట్ సెంటర్ల సిస్టం. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్) దరఖాస్తులు నింపేటప్పుడు బాగ స్లో. క్రోమ్, ఎక్సెల్ రెండూ ఇంటూ కొట్టి బంద్ చేసినా మెమరీ 85 శాతం కాడనే ఉంటుంది. ఎక్సెల్ ఫైల్ పేరు మార్చబోతే "వాడకంలో ఉంది" అంటుంది. షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేసినా అదే తీరు. ఎండ్ టాస్క్ దేనిమీద కొట్టొచ్చు, దేనిమీద కొట్టొద్దు?

కాజీపేట_బెంచి:
కొన్నిట్ల ఇంటూ కొడితే మూతపడేది కిటికీనే, ప్రోగ్రాం లోపల నడుస్తనే ఉంటది. క్రోమ్‌ల సెట్టింగ్స్, సిస్టం తెరిచి, "క్రోమ్ మూసినంక బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడవనివ్వు" అనే బటన్ ఆఫ్ చెయ్యండి. ఎడ్జ్ వాడకున్నా దాంట్ల స్టార్టప్ బూస్ట్ ఆన్‌లో ఉంటే లోపల నడుస్తనే ఉంటది, అదీ తీసెయ్యండి. గడియారం పక్కన పైకి బాణం గుర్తు నొక్కి చూడండి, అక్కడ కూర్చున్నయి రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ కొడితేనే పోతయి.

లెక్కల_షీటు:
ఎక్సెల్ సంగతి వేరు. ఫోల్డర్‌ల ప్రివ్యూ పేన్ (ఫైల్ తెరవకుండనే లోపలిది పక్కన చూపేది) ఆన్‌లో ఉంటే ఫైల్‌ను అదే పట్టుకుంటది. ఆల్ట్, పి నొక్కి తీసేసి మళ్ల పేరు మార్చి చూడండి. కాకుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ ఒకేసారి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి డీటెయిల్స్ ట్యాబ్‌కు పోండి. కిటికీ లేకుండ ఎక్సెల్ కనిపిస్తే రైట్ క్లిక్, ఎండ్ ప్రాసెస్ ట్రీ. సేవ్ చెయ్యనిది పోతది, ముందే చూసుకోండి. రోజూ ఇట్లనే మిగులుతుంటే యాడ్-ఇన్ (ఎక్సెల్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) మీద అనుమానం పెట్టుకోవాలె. ఒక్కొక్కటి ఆపుకుంట చూస్తే దొరుకుతది.

కాజీపేట_బెంచి:
షట్‌డౌన్ గురించి మరిచిన. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే మీ ప్రోగ్రాములు మూతపడతయి గని కెర్నల్ (విండోస్‌ల అసలు భాగం), డ్రైవర్లు డిస్క్‌ల దాచుకొని పొద్దున అట్లనే లేస్తయి. రీస్టార్ట్ కొడితే అన్నీ కొత్తగ మొదలైతయి. షిఫ్ట్ పట్టుకొని షట్‌డౌన్ నొక్కినా అంతే. అకౌంట్స్, సైన్-ఇన్ ఆప్షన్స్‌ల "రీస్టార్ట్ యాప్స్" కూడా ఆఫ్ చెయ్యండి, లాగిన్ కాంగనే పాతయి మళ్ల తెరుచుకునేది దానివల్లనే. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌ల అక్కరలేనియి డిజేబుల్.

సిస్టం పేరు మీద నడిచే వాటి జోలికి పోవద్దు. సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ అనే విండోస్ సొంత ప్రాసెస్ ఆపితే సిస్టం ఆగిపోయి నీలి తెరే. ఎక్స్‌ప్లోరర్ ఆపితే టాస్క్‌బార్ మాయమైతది, అప్పుడు ఫైల్, రన్ న్యూ టాస్క్‌ల "ఎక్స్‌ప్లోరర్" అని ఇంగ్లిష్‌ల కొడితే తిరిగొస్తది.

చౌరస్తా_నెట్:
ప్రివ్యూ పేనే! ఫైల్ పేరు మారింది. మెమరీ 62కు దిగింది. ఇంకా దిగాలెనా?

లెక్కల_షీటు:
4 జీబీల విండోస్ 10కి అది మామూలే. టాస్క్ మేనేజర్‌ల పర్ఫార్మెన్స్, మెమరీల "స్లాట్స్ యూజ్డ్" చూడండి. రెండిట్ల ఒకటే నిండి ఉంటే ఇంకో 4 జీబీ వేయించుకోవచ్చు. డీడీఆర్3నా, 4నా అన్న ర్యామ్ రకం చూసుకొని కొనండి, ఒకదాని స్లాట్‌ల ఇంకోటి పట్టదు.