ఇవి నూనె కవళ్ళేనా?

ప్రశ్న: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఈ చేపల్ని నూనె కవళ్ళని (ఆయిల్ సార్డిన్) చెప్పి అమ్మారు. ఒక్కోటీ జానెడు కూడా లేదు. ఒళ్ళు పక్కలకి అణిగినట్టుంది. పక్కన సన్నటి బంగారు గీత, వీపు రెక్క మొదట్లో నల్ల చుక్క ఉన్నాయి. పులుసు పెట్టేలోపు చెప్పండి!

జవాబు 1: పొట్ట కింద అంచు గరుకుగా ఉందా? ఉంటే కవళ్ళే.

జవాబు 2: ఆ గరుకు అన్ని కవళ్ళకీ ఉంటుందండీ, దానితో రకం తేలదు. మావాళ్ళది వేట ఇల్లు, నేను ముందు చుక్క చూస్తాను. నూనె కవ్వకి నల్ల మచ్చ మొప్ప మూత వెనక అంచున ఉంటుంది, వీపు రెక్క దగ్గర కాదు. ఒళ్ళు గుండ్రం, తల పొడుగు. బంగారు గీతని నమ్మకండి, దానికీ లీలగా ఉంటుంది. అనుమానం తీరకపోతే పొట్ట రెక్క విప్పి పుల్లలు లెక్కపెట్టండి. నూనె కవ్వకి 9, మీ దగ్గరున్న రకానికి 8.

ప్రశ్న అడిగినవారు: భూతద్దం పెట్టి చూశాను, 8 ఉన్నాయి. మరి ఇదేంటి?

జవాబు 2: కవళ్ళలోనే వేరే రకం, శాస్త్రీయ నామం సార్డినెల్లా గిబ్బోసా గానీ సార్డినెల్లా ఫింబ్రియేటా గానీ. మొప్ప మూత ఎత్తి, మొదటి మొప్ప కింది సగంలో దువ్వెన పళ్ళలా ఉన్నవి లెక్కించండి. 54 లోపైతే గిబ్బోసా, 59 దాటితే ఫింబ్రియేటా. మధ్యలో వస్తే కష్టమే, రెండూ కలుస్తాయి. నూనె కవ్వకైతే 150కి పైనే. కూరకి ఇంత లెక్క అక్కర్లేదు, వేపుడు చేసేయండి.