డెట్రాయిట్ నుంచి విండ్సర్ మీదుగా నయాగరా, మధ్యలో కేసినోలు: స్టాంపింగ్ లేకుండా వెళ్లి రావచ్చా?

మంచుపార

అందరికీ నమస్తే. వచ్చే నెల లాంగ్ వీకెండ్‌లో నేనూ నా ఫ్రెండూ (ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు రూమ్మేట్లం) కారులో ఒక ట్రిప్ అనుకుంటున్నాం. శుక్రవారం సాయంత్రం డెట్రాయిట్‌లో నది దాటి విండ్సర్, ఆ రాత్రి అక్కడి సీజర్స్‌లో ఆట, పొద్దున్నే 401 హైవే ఎక్కి నయాగరా, అక్కడ ఫాల్స్‌వ్యూ కేసినో, ఆదివారం రెయిన్‌బో బ్రిడ్జి దాటి అమెరికా వైపు వచ్చి సెనెకా కేసినోలో ఒక చెయ్యి వేసి, బఫెలో, క్లీవ్‌లాండ్ మీదుగా ఇల్లు. ఎరీ సరస్సు చుట్టూ ప్రదక్షిణ అన్నమాట.

నాది హెచ్1బీ ఉద్యోగ వీసా. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు అయిపోయి ఏడాది దాటింది, ఐ-797 (హెచ్1బీ అనుమతి పత్రం), ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) మాత్రం ఇంకా ఏడాదిన్నర ఉన్నాయి. కెనడా విజిటర్ వీసా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు తీసుకున్నది ఇంకా నడుస్తోంది. వాడిది గ్రీన్ కార్డు కాబట్టి వాడికి టెన్షన్ లేదు. తిరిగొచ్చేటప్పుడు నన్ను ఆపేస్తారేమో అని భయం.

ఇంకో విషయం, అడగాలంటే కొంచెం మొహమాటంగా ఉంది. చెరో వెయ్యి డాలర్లు ఒకే కవర్లో వేద్దాం, గెలిచినా పోయినా సగం సగం అంటున్నాడు. నాకు ఆట పెద్దగా రాదు. తనకి వచ్చని వాడు అంటాడు. ఇలా ఎవరైనా చేశారా?

401_బాటసారి

స్టాంపింగ్ సంగతికి కంగారు పడకండి. మీలాంటి వాళ్ల కోసమే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని ఒకటుంది. కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల లోపు తిరిగొస్తే, ఐ-94 గడువు మిగిలి ఉంటే, వీసా స్టాంప్ ముగిసినా లోపలికి రానిస్తారు. మెలిక ఒక్కటే, అక్కడున్నప్పుడు కొత్త వీసా స్టాంపింగ్‌కి అప్లై చెయ్యకూడదు. చేస్తే ఈ సదుపాయం పోతుంది, వీసా వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. సీబీపీ (అమెరికా బోర్డర్ అధికారులు) సైట్ నుంచి ఐ-94 ప్రింట్ తీసి పెట్టుకోండి, ఐ-797 ఒరిజినల్, రెండు మూడు పే స్లిప్పులు కూడా. ఫోన్‌లో చూపిస్తానంటే కుదరదని కాదు, కానీ బూత్ దగ్గర చార్జింగ్ 4 శాతం ఉన్నప్పుడు కాగితం విలువ తెలుస్తుంది. నేను మూడుసార్లు ఇలాగే వచ్చాను. ఒకసారి మాత్రం ఒక కుర్ర ఆఫీసర్ నా స్టాంప్ తేదీ చూసి నారింజ రంగు చీటీ చేతిలో పెట్టి సెకండరీకి, అంటే ఇంకోసారి తనిఖీకి, పంపాడు. అక్కడ ఇంకో పెద్దాయన చూసి, ఐ-94 ప్రింట్ మీద వేలు పెట్టి ఆ కుర్రాడికి రూల్ చెప్పి, నలభై నిమిషాల్లో పంపించేశారు. ఆ నలభై నిమిషాలూ మా ఆవిడ నాతో మాట్లాడలేదు, అది వేరే కథ.

డెట్రాయిట్‌లో టన్నెల్ 1930 నాటిది, అంబాసిడర్ బ్రిడ్జి 1929 నాటిది. కేసినోకే అయితే టన్నెల్ నయం, నేరుగా విండ్సర్ డౌన్‌టౌన్‌లో తేలతారు. సరదా ఏంటంటే అక్కడ కెనడాకి వెళ్లాలంటే దక్షిణానికి వెళ్లాలి. రూట్ 401 మీద వుడ్‌స్టాక్ దాకా, అక్కడ 403 పట్టుకుని హామిల్టన్, తర్వాత క్యూఈడబ్ల్యూ హైవే, మొత్తం దాదాపు 250 మైళ్లు. బోర్డు మీద 100 అని చూసి తొక్కేయకండి, అది కిలోమీటర్లు, మన లెక్కలో 62. రాడార్ డిటెక్టర్ ఉంటే ఇంట్లో పెట్టి రండి, ఒంటారియోలో అది కారులో ఉండటమే నేరం.

లెక్కల_పంతులు

నేను ఆట లెక్క చెప్తా. అమెరికన్ రూలెట్ చక్రంలో 38 గళ్లు, ఎరుపు 18. ఎరుపు మీద వేసిన ప్రతి వంద డాలర్లకీ సగటున 5 డాలర్ల 26 సెంట్లు కేసినోవాడివి. ఒకే సున్నా ఉన్న చక్రం దొరికితే అది 2.70కి పడిపోతుంది, కాబట్టి కూర్చునే ముందు సున్నాలు లెక్కపెట్టండి. బ్లాక్‌జాక్ టేబుల్ మీద గుడ్డపైనే 3 టు 2 అనో 6 టు 5 అనో రాసి ఉంటుంది. పది డాలర్ల పందెం మీద బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కలకే 21) పడితే మొదటి దాంట్లో 15 ఇస్తారు, రెండోదాంట్లో 12. ఆ మూడు డాలర్లే ఏమైందిలే అనుకుంటారు చాలామంది, నిజానికి ఆ టేబుల్ మొత్తం తేడా అక్కడే ఉంది.

స్లాట్ మెషిన్ అన్నిటికన్నా అమాయకంగా కనిపిస్తుంది కదా. రూలెట్ టేబుల్ దగ్గర గంటకి ఒక 40 సార్లు చక్రం తిరుగుతుందనుకుందాం, పది డాలర్ల చొప్పున 400 పందెం, పోయేది సగటున 21. అదే స్లాట్ మీద డాలర్ చొప్పున గంటకి 600 నొక్కులు నొక్కి, మెషిన్ 10 శాతం మిగుల్చుకుంటుందనుకుంటే 60 పోతుంది. చిన్న పందెం అనుకుని కూర్చున్నవాడే ఎక్కువ పోగొట్టుకుంటాడు.

డబ్బు ఎంతైనా పట్టుకెళ్లొచ్చు, పరిమితి లేదు. కెనడాలోకి వెళ్లేటప్పుడు 10,000 కెనడా డాలర్లు, ఆపైన ఉంటే చెప్పాలి, అమెరికాలోకి వచ్చేటప్పుడు 10,000 అమెరికా డాలర్లు దాటితే చెప్పాలి. చెప్పకపోవడమే తప్పు. ఏటీఎం 'మీ డాలర్లలో చార్జ్ చెయ్యమంటారా' అని ప్రేమగా అడిగితే వద్దనండి, వాడి రేటుతో బాదుతాడు. క్రెడిట్ కార్డు మీద క్యాష్ అసలు తియ్యొద్దు, ఫీజు కాక ఆ నిమిషం నుంచే వడ్డీ.

పన్ను కూడా చూసుకోండి. సరదాగా ఆడేవాడి గెలుపు మీద కెనడా పన్ను వెయ్యదు. కానీ మనం ఇక్కడ ట్యాక్స్ రెసిడెంట్లం, విండ్సర్‌లో గెలిచినా ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్ను శాఖకి) చూపించాల్సిందే. పోయింది తగ్గించుకోవాలంటే ఐటమైజ్ చెయ్యాలి, అంటే మినహాయింపులు ఒక్కొక్కటీ విడిగా చూపించాలి. స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఇచ్చే గంపగుత్త మినహాయింపు) వాడేవాళ్లకి ఆ దారి లేదు.

పాతపాపి

ఉమ్మడి కవరా? వద్దు బ్రో. నేను చేశా. ఊరు చెప్పను, కేసినో పేరు కూడా చెప్పను. నాదీ మా వాడిదీ కలిపి పదహారు వందలు, తెల్ల ఎన్వలప్, దాని మీద వాడే పెన్నుతో మా ఇద్దరి పేర్లూ రాశాడు. పదకొండింటికి నాకు నిద్రొచ్చి రూముకి పోయా, కవర్ వాడి దగ్గరే. రెండున్నరకి తలుపు చప్పుడు. లైట్ వెయ్యలేదు వాడు. బాత్రూమ్ లైట్ వెలుతురులో కవర్‌ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేస్తుంటే దుప్పట్లోంచి చూశా. నేనేమీ అడగలేదు, వాడేమీ చెప్పలేదు. పొద్దున టిఫిన్ డబ్బులు నేనే కట్టా, పెట్రోలూ నేనే కొట్టించా. ఆ ఎనిమిది వందలకి నేను చచ్చిపోను, కానీ ఆరు గంటల డ్రైవ్‌లో ఒక్క మాట లేదు, పాటలు కూడా పెట్టుకోలేదు. ఇప్పటికీ వాళ్ల పిల్లల పుట్టినరోజులకి వెళ్తా, డబ్బు ఊసు వస్తే మాత్రం ఇద్దరం టీవీ వైపు చూస్తాం.

చెరో జేబు, చెరో లిమిట్. అయిపోయినవాడు అప్పు అడక్కూడదు, రెండోవాడు ఇవ్వకూడదు. కారు తాళం తక్కువ తాగినవాడి దగ్గర.

విండ్సర్_వదిన

నేను నది ఇవతలే ఉంటాను, నెలకి ఒక బ్యాచ్ అయినా మా ఇంటికి ఇలా వస్తుంటారు కాబట్టి చెప్తున్నా. గ్రీన్ కార్డు వాళ్లకి కెనడా వీసా అక్కర్లేదు, చెల్లే పాస్‌పోర్టూ కార్డూ చాలు, నిజమే. కానీ మీ ఫ్రెండ్‌ని ఒక్క మాట అడగండి, ఎప్పుడైనా డీయూఐ (తాగి బండి నడపడం) కేసులో శిక్ష పడిందా అని. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం, ఫైన్ కట్టి క్లాసులకి వెళ్తే సరిపోయిందనుకుంటారు. ఇక్కడ 2018 డిసెంబర్ నుంచి దాని గరిష్ఠ శిక్ష పదేళ్లు, అంటే తీవ్రమైన నేరం కింద లెక్క. బూత్‌లో కంప్యూటర్‌కి అన్నీ తెలుస్తాయి. పోయిన ఏడాది మా బంధువుల అబ్బాయి ఒకడు బ్రిడ్జి దాకా వచ్చి, మా ఇంట్లో పప్పుచారు చల్లారిపోతుండగా వెనక్కి వెళ్లిపోయాడు. ముందే పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు, కానీ మీకున్న టైమ్‌కి రాదు.

గంజాయి విషయం కూడా. మిషిగన్‌లో లీగల్, ఇక్కడా 2018 నుంచి లీగల్, మధ్యలో ఉన్న గీత దాటించడం మాత్రం ఏ వైపుకైనా నేరం. కారు సీటు కింద ఎవరిదో పాత గమ్మీ ప్యాకెట్ ఉందేమో వెతుక్కుని రండి. కారు ఇన్సూరెన్స్ వాళ్లని కెనడా కార్డు అడిగితే ఇస్తారు. అద్దె కారైతే బోర్డర్ దాటనిస్తారో లేదో ముందే కనుక్కోండి.

మంచుపార

వదినగారూ, మీరు అడగమన్నది అడిగాను. ఫోన్‌లో అడిగా. కొంచెంసేపు ఏమీ అనలేదు, తర్వాత 'నీకెవరు చెప్పార్రా' అన్నాడు. ఎవరూ చెప్పలేదు, మామూలుగా అడిగానంతే. 2021లో అయిందట. ఇన్నేళ్లలో వారానికోసారి మాట్లాడుకుంటాం, నాకు తెలీదు. ఇంట్లో వాళ్లకీ తెలీదట. దయచేసి ఇక్కడ ఎవరూ ఎవరని ఊహించొద్దు.

సో కెనడా వైపు వాడు రాలేడు. ట్రిప్ క్యాన్సిల్ చేద్దామంటున్నాడు.

401_బాటసారి

క్యాన్సిల్ ఎందుకండీ, తిప్పి చెయ్యండి. ఐ-75, తర్వాత ఐ-90 మీద క్లీవ్‌లాండ్, బఫెలో. ఒక గంటన్నర ఎక్కువ డ్రైవ్, బోర్డర్ లేదు. క్లీవ్‌లాండ్‌లో డౌన్‌టౌన్‌లోనే ఒక కేసినో ఉంది, అక్కడ ఆగండి. నయాగరా అమెరికా వైపు పార్క్ 1885 నాటిది, గోట్ ఐలాండ్ మీద నిలబడితే నీళ్లు కాళ్ల పక్కనుంచే దూకుతున్నట్టు ఉంటుంది, కెనడా వైపు నుంచి జలపాతం ఎదురుగా కనిపించే ఆ దృశ్యం మాత్రం దొరకదు. సెనెకా కేసినో అక్కడికి నడిచే దూరం. వయసు 21 అడుగుతారు, ఒంటారియోలో 19, మీకు రెండూ దాటే ఉంటాయనుకుంటా, హహ.

మీకు వీసా ఉంది కాబట్టి రెయిన్‌బో బ్రిడ్జి నడిచి దాటొచ్చు. పక్కన ఫుట్‌పాత్ ఉంది, పావుగంట. తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర వెయ్యడానికి నాణేలు ఉంచుకోండి.

పాతపాపి

ఇప్పుడు కవర్ సంగతి ఏమైంది మరి?

మంచుపార

వెళ్లొచ్చాం. రిపోర్ట్ పెట్టడం కాస్త లేటైంది.

కవర్ లేదు. చెరో నాలుగు వందలు, అంతే. క్లీవ్‌లాండ్‌లో నేను గంటలో అరవై పోగొట్టుకుని లేచా, వాడు నూటపది గెలిచి దాన్నే సెనెకాలో మూడొందలతో కలిపి ఇచ్చేశాడు. బ్లాక్‌జాక్ టేబుల్ దగ్గర పంతులుగారు చెప్పినట్టు గుడ్డ మీద చూస్తే 6 టు 5. వాడికి చూపించాను. 'పర్లేదులేరా' అని కూర్చున్నాడు.

శనివారం సాయంత్రం నేనొక్కడినే బ్రిడ్జి నడిచి దాటాను. వాడే వెళ్లమన్నాడు, నువ్వెందుకు మానుకోవాలి అని. మధ్యలో సరిహద్దు గీత దగ్గర ఒక ఫలకం ఉంది, అందరూ చెరో దేశంలో ఒక కాలు పెట్టి ఫోటో తీసుకుంటున్నారు, నేను ఎవర్ని తియ్యమనాలో తెలీక ఊరికే నిలబడ్డా. అవతల గంటన్నర ఉన్నాను. చీకటి పడి జలపాతం మీద రంగుల లైట్లు వేశారు. వాడికి వీడియో కాల్ చేస్తే రైలింగ్ దగ్గర ఉన్నానని చెప్పి ఫోన్ టార్చ్ ఊపాడు. ఎదుటి గట్టు మీద అలాంటి లైట్లు వంద ఉన్నాయి, అయినా కనబడిందని చెప్పాను.

తిరిగొచ్చేటప్పుడు ఆఫీసర్ ఐ-94 ప్రింట్ చూసి, ఎంతసేపు ఉన్నావు అన్నాడు, గంటన్నర అన్నాను, సరే పొమ్మన్నాడు. 401 గారికి వంద థాంక్సులు. బయటికొస్తే వాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, రెండు కాఫీలతో, ఒకటి అప్పటికే చల్లారింది. ఆ 2021 సంగతి అప్పుడు చెప్పాడు, మొత్తం. అది ఇక్కడ రాయను.

తాళం మాత్రం మూడు రోజులూ నా జేబులోనే ఉంది, వాడు ఒక్కసారి కూడా అడగలేదు.